రంది ఒంట్లో చేసే పని

(సికింద్రాబాద్‌లో జరిగిన మండల కార్యకర్తల శిక్షణ తరగతుల్లో ఒక మానసిక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం. - సం.)



నన్ను పిలిచేటప్పుడు మీ నాయకుల్లో ఒకరు ఫోన్‌లో ఒక మాట అన్నారు. "డాక్టర్ గారూ, మీరొచ్చి డిప్రెషన్, మెదడు, నరాలు అని చెబుతారు. మంచిదే. కానీ రేపు ఆర్డీవో ఆఫీసులో ఆ మాటనే మా మీదికి తిప్పుతారు. అప్పులతో చావలేదు, మతి బాగాలేక పోయిండు అని రాసి ఫైలు మూసేస్తారు." ఈ భయం ఊరికే పుట్టింది కాదు. అందుకని ముందు దీని సంగతి చూసి, తర్వాత గుండె దగ్గరికి వస్తాను.

2004 జూన్ 1న వచ్చిన జీవో 421 మీకు కంఠోపాఠం. డివిజన్ స్థాయిలో ముగ్గురు అధికారుల కమిటీ విచారించి, ఇది వ్యవసాయం వల్ల జరిగిన ఆత్మహత్యా కాదా తేల్చాలి. 2015లో జీవో 173తో తెలంగాణలో సాయం 6 లక్షలకు పెరిగింది గానీ, తేల్చే పద్ధతి మారలేదు. ఆ కమిటీ ముందు నిలబడిన కుటుంబానికి ప్రశ్న ఒకటే తీరుగా వస్తుంది: అప్పా, జబ్బా? నా దగ్గరికి వచ్చిన ఒక ఇల్లాలు, భర్త వాడిన మాత్రల చీటీని బియ్యం డబ్బాలో దాచిపెట్టింది. అధికారులు చూస్తే పైసలు రావని ఎవరో చెప్పారట. ఆ చీటీ ప్రకారం నాలుగు నెలలు మాత్రలు రాశారు. ఆ నాలుగు నెలలూ ఆయన అప్పు మాఫీకి, వాయిదాకు ఎన్ని గడపలు తొక్కాడో ఊరంతా చెబుతుంది. ఒకే మనిషికి, ఒకే నెలల్లో జరిగిన రెండింటిని ఎట్లా విడదీస్తాం?

మనం కూర్చున్న ఈ ఊరికి ఒక పాత కథ ఉంది. 1897 ఆగస్టు 20న ఇక్కడికి దగ్గర్లోనే, బేగంపేటలో, రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. అంతకుముందు మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని అనుకునేవాళ్లు. దోమ సంగతి తెలిశాక ఒక పక్క జ్వరమొచ్చినవాడికి క్వినైన్ ఇచ్చారు, ఇంకో పక్క మురుగు గుంటలు పూడ్చారు. గుంటలు ఉన్నాయి కాబట్టి క్వినైన్ దండగ అని బుద్ధున్నవాడెవడూ అనడు. క్వినైన్ ఇచ్చాం కాబట్టి గుంట పూడ్చం అని సర్కారు అంటే ఒప్పుకునేదీ లేదు. గిట్టుబాటు ధర లేకపోవడం, కౌలుకు కాగితం లేకపోవడం, నూటికి మూడు రూపాయల వడ్డీ, ఇవన్నీ గుంటలు. వాటి గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. నేను ఈ పూట క్వినైన్ గురించి చెబుతాను.

నేర నమోదు బ్యూరో లెక్క ఒక్కటి ముందు పెట్టుకుందాం. 2022లో దేశంలో వ్యవసాయ రంగంలో 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో రైతులు 5,207, వ్యవసాయ కూలీలు 6,083. సగానికి మించి కూలీలే ఉన్నారు, మన సభల్లో వాళ్ల పేరు తక్కువ వినిపిస్తుంది. చేనుపని చేసే ఆడవాళ్లకు పాసుపుస్తకం ఉండదు, పోలీసు కాగితంలో గృహిణి అని పడుతుంది. 2018 ఆగస్టు 15న మొదలైన రైతు బీమా కూడా పట్టాదారుకే, అదీ 59 ఏళ్ల దాకానే. కౌలు రైతు దాని లెక్కలోకే రాడు. ఇవి గుంటలు. వదిలేస్తున్నా.

డిప్రెషన్ అనే మాటను కాసేపు పక్కన పెట్టండి. మనకు రంది అనే మాట ఉంది, మనాది ఉంది. కోస్తా వైపు దిగులంటారు, బెంగంటారు. పంట పోయి, బోరు ఎండి, రంది పడని మనిషి ఉంటే ఆశ్చర్యపోవాలి. అది జబ్బు కాదు. ఆ రంది రెండు వారాలు దాటినా, రోజులో ఎక్కువ సేపు, దాదాపు ప్రతిరోజూ ఉండి, తిండిని, నిద్రను, పనిని, ఆశను మింగేస్తుంటే అప్పుడు జబ్బు అంటాం. నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో పెద్దవాళ్లలో ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ స్థితిలో పడ్డవాళ్లే. వైద్యం అందనివాళ్లు నూటికి 80 మందికి పైగా ఉన్నారు.

అయితే రైతు నా దగ్గరికి వచ్చి "నాకు మనసు బాగలేదు" అనడు. "పానం మంచిగ లేదు" అంటాడు. ఛాతీ మీద బండ పెట్టినట్టుందంటాడు. దడ, ఆయాసం, మెడనొప్పి, కాళ్లు గుంజుడు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తుంది, మళ్లీ కన్ను మూతపడదు. వానపడ్డ మర్నాడు కూడా చేను దిక్కు పోబుద్ధి కాదు. ఫోన్ మోగితే ఉలికిపడతాడు, ఎత్తడు. బర్రెకు గడ్డి వేశాడో లేదో గుర్తుండదు. ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ ఎక్కించుకుంటాడు, రెండు రోజులు బాగుంటుంది. టౌన్‌కు పోతే ఈసీజీ తీస్తారు. "గుండె బాగనే ఉంది, గ్యాస్" అని చీటీ రాస్తారు. ఆ ముందు వెయ్యి, ఈ మందు వెయ్యి. చివరికి ఇంట్లోవాళ్లే "నీకేం లేదన్నరు గద, లే" అంటారు. ఏమీ లేదన్న మాట ఆయనకు ఊరట కాదు, ఇంకో దెబ్బ. ఎందుకంటే ఏదో ఉందని ఆయన ఒంటికి తెలుస్తోంది.

నిజంగానే ఉంది. ఒక పని చేద్దాం. అందరూ ఎడమ చేతి బొటనవేలి కింద, మణికట్టు మీద కుడిచేతి రెండు వేళ్లు ఆనించండి. నాడి దొరికిందా? ఇప్పుడు నెమ్మదిగా ఊపిరి పీల్చండి. అంతకంటే నెమ్మదిగా వదలండి. ఇంకోసారి. పీల్చేటప్పుడు నాడి కొంచెం తొందరపడి, వదిలేటప్పుడు కొంచెం నిదానిస్తుంది. వెనక వరసలో ఎవరో తలూపుతున్నారు, తెలిసినట్టుంది. వయసు మీరినవాళ్లకు అంతగా తెలియదు, భయపడకండి. గడియారం ముల్లులా ఒకే లెక్కన కొట్టుకునే గుండెను మంచి గుండె అనుకుంటాం గానీ, అది సరికాదు. మంచి ఎద్దు నాగలి కింద నడిచినప్పుడు చూడండి, మెత్తటి నేలలో ఒక అడుగు, గట్టి నేలలో ఒక అడుగు. నేలను బట్టి నడక మారుస్తుంది. మంచి గుండె కూడా అంతే, దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధిని కొద్దికొద్దిగా మారుస్తూ పోతుంది.

దీన్ని నడిపేవి రెండు. ఒక నరాల గుంపు యాక్సిలరేటర్. పాము కనబడితే, ఫైనాన్స్ వాడి బండి కనబడితే, అది తొక్కుతుంది. రెండోది బ్రేకు. మెదడు అడుగు భాగం నుంచి మెడ గుండా దిగి గుండెను తాకే వేగస్ అనే నరం. ఊపిరి పీల్చినప్పుడు ఆ బ్రేకు కొంచెం వదులై, వదిలినప్పుడు బిగుస్తుంది. మీ వేళ్ల కింద ఇప్పుడు తెలిసింది అదే.

ఈ బ్రేకు ఎట్లా పనిచేస్తుందో 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఆటో లోవీ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. కప్ప గుండె ఒకదాన్ని ద్రవంలో ఉంచి, దాని వేగస్ నరాన్ని ప్రేరేపించాడు. గుండె నిదానించింది. ఆ ద్రవాన్ని తీసి ఇంకో కప్ప గుండెకు అందించాడు. దానికి నరాన్ని ముట్టుకోకపోయినా అదీ నిదానించింది. అంటే నరం ఏదో రసాయనాన్ని వదిలి దాంతో మాట్లాడుతోంది. దాని పేరు ఎసిటైల్‌కోలిన్.

ఈ పేరు మీకు ఎందుకు చెబుతున్నానంటే, మీలో చాలామంది దాన్ని ఏళ్ల తరబడి వీపు మీద మోశారు. మనం పత్తికి, మిరపకు కొట్టే ఆర్గనోఫాస్ఫేట్ మందులు పురుగును చంపేది దీని ద్వారానే. పని అయిపోయాక ఎసిటైల్‌కోలిన్‌ను విరిచేసే ఎంజైమ్ ఒకటుంటుంది. మందు దాన్ని కట్టిపడేస్తుంది. పురుగు నరాలకు విశ్రాంతి దొరకదు. మన నరాల్లోనూ అదే రసాయనం, అదే ఎంజైమ్. పుట్టెడు మందు ఒంటి మీద పడి, కళ్లు మసకబారి, వాంతులై, చెట్టు కింద పడుకుని లేచి మళ్లీ కొట్టినవాళ్లు ఈ హాల్లో ఉన్నారు కదా? అమెరికాలో అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో పురుగుమందులు కొట్టేవాళ్ల ఆరోగ్యాన్ని ఏళ్లుగా గమనిస్తున్న పెద్ద అధ్యయనం ఒకటి నడుస్తోంది. ఎప్పుడైనా మందు ఒంటికి పట్టి విషమైనవాళ్లలో డిప్రెషన్ ఎక్కువగా కనిపించిందని అందులో తేలింది. మందే కారణమని దాంతో రుజువైపోలేదు, కోర్టులో అంత మాట నేను అనను. కానీ మాస్కు, చేతి తొడుగులు, గాలివాటం చూసుకోవడం అనేవి ఊపిరితిత్తుల కోసమే అనుకోకండి. మనసు కోసం కూడా.

ఇక డిప్రెషన్ దగ్గరికి వద్దాం. ఆ జబ్బు ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ పోల్చిన చాలా అధ్యయనాల్లో, ఉన్నవాళ్ల గుండె లయలో ఆ మార్పు సగటున తగ్గి కనిపించింది. బ్రేకు పట్టు సడలిందన్నమాట. నేల మారినా ఎద్దు ఒకే తీరుగా ఈడ్చుకుంటూ పోతున్నట్టు. ఇది ఊహల్లో జబ్బు కాదనడానికి ఇంకో లెక్క ఉంది. 1993లో కెనడాలోని మాంట్రియల్ డాక్టర్లు, గుండెపోటు వచ్చి బతికిన 222 మందిని ఆరు నెలలు గమనించారు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో చనిపోయినవాళ్లు లేనివాళ్ల కంటే చాలా ఎక్కువ. గుండె ఎంత దెబ్బతిన్నదన్న లెక్క తీసేసి చూసినా ఆ తేడా పోలేదు. కాబట్టి మీ ఊళ్లో ఎవరికైనా స్టెంట్ వేసి పంపిస్తే, బీపీ మాత్ర వేసుకున్నాడా అని అడిగినట్టే నిద్ర పడుతోందా, మనుషుల్లో కలుస్తున్నాడా అని కూడా అడగండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. గుండె లయ చూసి ఫలానావాడికి డిప్రెషన్ ఉందని చెప్పే యంత్రం లేదు. చేతి గడియారాలు, ఫోన్ యాప్‌లు చూపించే అంకెలతో అది తేలదు. బ్రెయిన్ మ్యాపింగ్ అని, స్కాన్ అని చెప్పి ఎవరైనా వేలకు వేలు అడిగితే, ఆ డబ్బుతో ఏడాది మాత్రలు వస్తాయని గుర్తుపెట్టుకోండి. వేలమంది సగటులో కనిపించే తేడా వేరు, మీ తమ్ముడి ఒక్క స్కాన్‌లో కనిపించేది వేరు. ఈ జబ్బును మనిషితో అరగంట మాట్లాడి కనుక్కుంటాం. థైరాయిడ్, రక్తహీనత లాంటివి కాదని చూసుకోవడానికి ఒక చిన్న రక్తపరీక్ష చేయిస్తాం. అంతే.

ఈ బ్రేకుకు మెదడులో ఇంకో కొస ఉంది. నుదుటి ఎముక వెనక ఉండే భాగం మనలో పెద్దమనిషి లాంటిది. "ఆగు, తెల్లారనీ, అన్నను అడుగుదాం" అనేది అదే. లోపల, చెవుల మట్టానికి, బాదం గింజంత అమిగ్డలా అనేది రెండు వైపులా ఉంటుంది. అది కాపలా కుక్క. పామో తాడో చూడకముందే మనల్ని ఎగిరి దూకిస్తుంది. పెద్దమనిషి గట్టిగా ఉంటే కుక్కను అదిలిస్తాడు. 2000లో జూలియన్ థేయర్, రిచర్డ్ లేన్ అనే ఇద్దరు ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. కుక్కను అదిలించే వ్యవస్థ, గుండెకు బ్రేకు వేసే వ్యవస్థ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి, అందుకే గుండె లయ చూస్తే పైన పట్టు ఎంతుందో కొంత తెలుస్తుంది అని. దీని మీద ఇంకా వాదనలు నడుస్తున్నాయి. నాకు మాత్రం మన వాళ్ల మాట గుర్తొస్తుంది: గుండె నిబ్బరం. తట్టుకునే శక్తిని మన భాష ఏనాడో గుండెలో పెట్టింది. కాకపోతే రందిలో ఉన్నవాడితో "గుండె నిబ్బరం చేసుకో" అంటాం చూడండి, అది బ్రేకు ఊడిన ట్రాక్టర్ డ్రైవర్‌తో బ్రేకు వెయ్యమన్నట్టే.

ఆ పట్టు సడలడానికి జబ్బే అక్కర్లేదు, అప్పు చాలు. ఇది మీ సంఘానికి బాగా పనికొచ్చే సంగతి, కొంచెం నిలిచి చెబుతాను. తమిళనాడులో చెరుకు రైతుల మీద చేసిన ఒక అధ్యయనం 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. 54 ఊళ్లు, 464 మంది రైతులు. చెరుకు కోత తేదీ ఫ్యాక్టరీ చేతిలో ఉంటుంది కాబట్టి, ఒకే నెలలో ఒకరికి డబ్బు చేతికి వచ్చి ఉంటుంది, పక్కవాడికి ఇంకా రాదు. ఒక్కో రైతునే కోతకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పరీక్షించారు. కోతకు ముందు ఎక్కువమంది కుదువ పెట్టినవాళ్లు, అప్పులు తెచ్చినవాళ్లు. పరీక్షల్లో ఒకటి చెబుతాను, మీరూ చెయ్యండి. నేను "అయిదు అయిదు అయిదు" అంటాను. ఎన్నిసార్లు అన్నానో చెప్పాలి. నోటికి ముందు అయిదు వస్తుంది. దాన్ని ఆపి "మూడు" అనాలి. ఆ ఆపడమే పరీక్ష. కోతకు ముందు అదే రైతు ఎక్కువ సేపు తీసుకున్నాడు, ఎక్కువ తప్పులు చేశాడు. చేతికి డబ్బు వచ్చాక మెరుగయ్యాడు. ఆ మనిషి మారలేదు, చదువు మారలేదు. తల మీద బరువు దిగింది, అంతే. ఈ అధ్యయనం మీద విమర్శలూ అచ్చయ్యాయి, చివరి మాట అని నేను చెప్పను. అయినా మీరు దీన్ని పెట్టి ఒక ప్రశ్న వేయొచ్చు. జూన్ నెలలో, చేతిలో రూపాయి లేని రోజున, ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టించుకునేవాడికి ఈ సంగతి తెలియదంటారా? శాస్త్రం చదవకపోయినా బాగా తెలుసు. "రైతుకు తెలివి లేదు, డబ్బు వాడటం రాదు" అనే అధికారికి ఈ 464 మంది సంగతి చెప్పండి.

ఇప్పుడు అన్నింటికంటే కష్టమైన మాట. నెలల తరబడి రంది ఉంటుంది. కానీ చివరి అడుగు చాలాసార్లు నెలల ఆలోచనతో పడదు. శ్రీలంక పల్లెల్లో విషం తాగి ఆసుపత్రిలో చేరి బతికినవాళ్లను డాక్టర్లు అడిగారు. 2006లో ఆ వివరాలు అచ్చయ్యాయి. సగానికి పైగా అరగంట కూడా ఆలోచించలేదు. చేతికి ఏది అందితే అది తీసుకున్నారు. కుక్క మొరిగింది, పెద్దమనిషి నిద్రలో ఉన్నాడు, అంతలో జరిగిపోయింది. ఇంట్లో గొడవ, బ్యాంకు నోటీసు, నలుగురిలో ఒక మాట. పైగా సీసా సారా. మందు తాగితే ధైర్యం వస్తుందంటారు గానీ, అది చేసేది బ్రేకు తీసెయ్యడమే. బెల్టు షాపుల మీద ఊళ్లలో అక్కలు చేసే పోరాటాన్ని నేను మానసిక వైద్యంలో భాగంగానే లెక్కేస్తాను.

ఆ అరగంట దాటిస్తే మనిషి దక్కుతాడు. బతికినవాళ్లలో ఎక్కువమంది తర్వాత ఆత్మహత్యతో పోలేదు. అందుకే శ్రీలంక ఏం చేసిందో చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అతి ప్రమాదకరం అన్న తరగతి మందులను 1995 నాటికి, ఎండోసల్ఫాన్‌ను 1998లో ఆపేసింది. ఆ తర్వాత రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. దిగుబడులు పడిపోలేదు. రైతులు ధనవంతులూ కాలేదు, అప్పులూ పోలేదు. అందుబాటులోంచి అతి ప్రమాదకరమైనది పోయింది, అంతే. కేరళ 2011లో కొన్నింటిని ఆపింది. కేంద్రం 2018లో కొన్నింటిని, 2023లో మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని నిషేధించింది. జీవో వచ్చాక అది మీ మండలంలో దుకాణం వెనక గదిలో ఉందో లేదో చూడాల్సింది మీరే.

ఇంట్లో తాళం పెట్టె ఇస్తే చాలదా అని అడుగుతారు. శ్రీలంకలోనే 180 ఊళ్లలో ఇచ్చి చూశారు, 2017లో ఫలితం వచ్చింది. తేడా ఏమీ లేదు. ఆలోచిస్తే అర్థమవుతుంది, తాళంచెవి ఇంట్లోనే ఉంటుంది కదా. తమిళనాడులో కాట్టుమన్నార్‌కోయిల్ దగ్గర రెండు ఊళ్లలో చెన్నైకి చెందిన స్నేహా సంస్థ డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ వేరే పద్ధతి పెట్టారు. ఊరుమ్మడి గదిలో బ్యాంకు లాకర్ల మాదిరి పెట్టెలు, మందు ఇంటికి రాదు. పక్క ఊళ్లతో పోలిస్తే అక్కడ తగ్గింది. రెండే ఊళ్లు, చిన్న ప్రయత్నం. అయినా మీ రైతు వేదికల్లో ఒక గది ఇలా వాడుకోవడానికి ఎవరి అనుమతి కావాలో కనుక్కోండి.

ఇంకో సంగతి ఈ పరిశోధనల్లో ఎక్కడా లేదు, మన దగ్గర మాత్రమే ఇంత గట్టిగా ఉంది. మన రైతుకు విత్తనం, ఎరువు, పురుగుమందు ఉద్దెరకు ఇచ్చేది ఒకే దుకాణం. పంట అక్కడికే పోవాలి. అప్పు పుట్టేదీ, సీసా ఇంటికి వచ్చేదీ ఒకే కౌంటర్ నుంచి. ఒకటి అడిగితే మూడు అంటగడతాడు, లెక్కలో రాసుకుంటాడు. మిగిలిన సీసాలు ఇంటి దూలం మీద, మంచం కింద. వాడకుండా మిగిలిన మందును వెనక్కి తీసుకుని ఖాతాలో తగ్గించాలని మీరు డీలర్లతో కొట్లాడితే, అప్పూ తగ్గుతుంది, ఇంట్లో విషమూ తగ్గుతుంది. నాకు తెలిసి ఒకే పనితో రెండూ జరిగేది ఇదొక్కటే.

ఇక మనిషి దగ్గరికి ఎట్లా పోవాలి? ఒంటరిగా కలవండి, చేను గట్టు మీదైతే ఇంకా మంచిది. నిద్ర గురించి మొదలుపెట్టండి. తర్వాత సూటిగా అడగండి. "అన్నా, చచ్చిపోదాం అనిపిస్తుందా?" అని. అడిగితే ఆ ఆలోచన పుట్టిస్తామేమో అని భయం వద్దు. అడగడం వల్ల అది పుట్టదు, పెరగదు. చాలామంది ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తుంటారు. అవునంటే, పిల్లల ముఖం చూసి బతుకు అని ఉపన్యాసం ఇవ్వకండి. ఆయన పిల్లల గురించి ఆలోచించే అక్కడికి వచ్చాడు, తానుంటేనే వాళ్లకు బరువు అనుకుంటున్నాడు. వినండి. ఒంటరిగా వదలకండి. ఇంట్లో మందు సీసాలు ఆ రాత్రికే వేరే చోటికి చేర్చండి. ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ నంబరు 14416, 2022 అక్టోబర్ 10న మొదలైంది, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. ఈ సికింద్రాబాద్‌లోనే సింధీ కాలనీలో రోష్ని అనే స్వచ్ఛంద సంస్థ 1997 నుంచి ఇట్లాంటి ఫోన్లు వింటోంది. 1997-98 అంటే వరంగల్‌లో పత్తి రైతులు వరుసగా పోయిన ఏడాది.

అయితే వినడం ఒక్కటే సరిపోదు. కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ 2017లో వికారాబాద్ జిల్లాలో మొదలై, తర్వాత ఆదిలాబాద్, మంచిర్యాలకు పోయింది. వాళ్ల దగ్గర నాకు నచ్చింది ఒకటి. ఫోన్ చేసిన రైతు పాసుపుస్తకం సమస్య చెబితే, ఓదార్చి పెట్టేయకుండా ఆ ఫైలు వెంట ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి ఊళ్లో ఉండేవాడు. క్వినైన్, గుంట రెండూ ఒకే చేతిలో.

దవాఖానకు తీసుకుపోతే మాత్రలు రాస్తారు. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రుల్లో ఉచితం, నగరంలో ఎర్రగడ్డ ఉంది. ఎర్రగడ్డ అంటే పిచ్చాసుపత్రి అని ఎగతాళి చేసే నోళ్లు మీ ఊళ్లో ఉంటే వాటిని మూయించడం మీ పని. మాత్ర వేసిన రోజే గుణం కనిపించదు. రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఆరు పడుతుంది. మొదటి వారం వికారం, తలనొప్పి ఉండొచ్చు. ఇక్కడే సగం మంది మానేస్తారు. మొదటి నెల మీలో ఒకరు వారానికి రెండుసార్లు పలకరించాలి. కొందరికి మనసు కుదుటపడక ముందే ఒంట్లో ఓపిక వస్తుంది, ఆ రోజుల్లో మరీ జాగ్రత్త. గుణం కనిపించాక కూడా ఆరు నెలలకు తక్కువ కాకుండా వాడాలి, డాక్టర్ చెప్పకుండా ఒక్కసారిగా ఆపకూడదు.

పోలీసు కేసు భయం గురించి. మందు తాగినవాణ్ని తెచ్చి, "గాలికి కొట్టింది, చేతులు కడుక్కోలేదు" అని కుటుంబం చెబుతుంది. డాక్టర్ ఏ మందో, ఎంతో తెలియక సమయం పోగొట్టుకుంటాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. సంరక్షణ, చికిత్స, పునరావాసం ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు. కాబట్టి ఆసుపత్రికి సీసా వెంట తీసుకుపోండి, నిజం చెప్పండి.

ఇదే 115వ సెక్షన్‌ను కమిటీ ముందు కూడా పెట్టండి. ఒత్తిడి ఉందని చట్టమే అంటున్నప్పుడు, ఆ ఒత్తిడి ఎక్కడి నుంచి వచ్చిందన్నదే కమిటీ అడగాల్సింది. అప్పు ఎప్పుడు పెరిగింది, నిద్ర ఎప్పుడు పోయింది, ఆసుపత్రికి ఎప్పుడు పోయాడు, ఈ మూడు తేదీలు పక్కపక్కన రాసి ఇవ్వండి. చీటీ దాచొద్దని ఆ కుటుంబాలకు చెప్పండి. మానసిక వైద్యం చేయించుకున్నాడన్నది సాయం నిరాకరించడానికి కారణం కాకూడదని జీవోలోనే రాయించాలి, అది మీ డిమాండ్లలో ఒకటిగా పెట్టుకోండి. అట్లాంటి కేసుల్లో వైద్యుడి అభిప్రాయం కావాలంటే రాసి ఇవ్వడానికి నేను సిద్ధం, నాలాంటివాళ్లు ఇంకా కొందరున్నారు.

భోజనాల తర్వాత మీరు మండలాల వారీగా కూర్చుంటారని చెప్పారు. ఊరికి ఇద్దరు చొప్పున, అందులో ఒక అక్క తప్పకుండా ఉండేట్టు పేర్లు రాయండి. పత్తి తీసే నెలల్లో, బ్యాంకు రెన్యువల్ నెలల్లో ఎవరి గడపకు పోవాలో వాళ్లకు తెలిసే ఉంటుంది. కౌలు రైతుల ఇళ్లు, పోయిన ఏడాది మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు ముందు రాయండి. నేను సాయంత్రం దాకా ఇక్కడే వెనక గదిలో ఉంటాను. నిద్ర పట్టనివాళ్లు మీలోనూ ఉంటారు, వచ్చి కూర్చోండి.